స్థలం: ఇంటి దగ్గర

"మా బండి పట్టుకుపోయారమ్మా" అని అద్దాలాయన భార్య కిటికీ ముందు నిలబడి చెప్పగానే ముత్యాల మేడమ్ చేసిన మొదటి పని, సొరుగుకు తాళం వెయ్యడం.

ఎందుకు వేసిందో ఆవిడకు బాగా తెలుసు. ఆ సొరుగులో, రబ్బరు ముద్రల డబ్బా కింద, మూడు వారాల కిందట ఇదే మనిషి తెచ్చిచ్చిన నోటీసు ఉంది.

"ఎప్పుడు?" అంది మేడమ్. గొంతు మామూలుగానే వచ్చింది. పదిహేడేళ్ళుగా వాహనాల ఆఫీసులో మూడో నంబరు కిటికీ వెనకనుంచి మాట్లాడిన గొంతు, అంత తేలిగ్గా తడబడదు.

"ఇందాకేనమ్మా. ఇద్దరొచ్చి షెడ్డు తలుపు తియ్యమన్నారు. తీశాను. గొలుసు కట్టి లాక్కుపోయారు. ఆయనేమో గుమ్మంలో కూర్చుని 'ఏంటే ఆ చప్పుడు' అంటాడు. ఏమని చెప్పను?"

"కాగితం ఏమన్నా ఇచ్చారా?"

సంచిలోంచి తీసిచ్చింది. బీమా లేని వాహనం. శుక్రవారం విచారణ. పద్నాలుగు రోజుల్లో విడిపించుకోకపోతే బండిని తుక్కు కింద నొక్కేస్తారు.

"కదలని బండికి బీమా అక్కర్లేదని మీరేగా అప్పుడు ఫారం రాసిచ్చారు. వాళ్ళతో అన్నాను కూడా. ముత్యాల మేడమ్ రాశారు బాబూ, ఆవిడ రాస్తే తప్పుండదు అని. వినిపించుకుంటేనా!"

వెనక వరసలో ఎవరో "త్వరగా కానివ్వండమ్మా" అని విసుక్కున్నారు. మేడమ్‌కు ఆ విసుగు చల్లగా తగిలింది.

"నేను కనుక్కుంటాను. మీరు కంగారు పడకండి" అంది. మూడు వారాల కిందట కూడా ఇంచుమించు ఇదే మాట అంది. అద్దాలాయన భార్యకూ అది గుర్తుండే ఉంటుంది. కానీ తలూపి వెళ్ళిపోయింది.

జరిగింది ఇదీ. బండికి బీమా ఎప్పుడూ ఉండాలి. తిరిగినా ఉండాలి, మూలన పడున్నా ఉండాలి. కొన్నాళ్ళు బయటికి తియ్యను అనుకుంటే ఆ మాట ఫారం మీద రాసివ్వాలి, అప్పుడే మినహాయింపు. ఆ ఫారంలో ఆరో గడి 'వాహనం ఉంచిన స్థలం'. సొంత షెడ్డో, సొంత ఆవరణో అయితేనే చెల్లుతుంది, వీధిలో పెడితే చెల్లదు. కిటికీలకు అద్దాలు బిగించే ఈ అద్దాలాయనకు మూడు నెలల కిందట కంటి ఆపరేషన్ అయి, నాలుగు నెలలు బండి నడపకూడదన్నారు. ఆయన భార్య వచ్చింది. "బండెక్కడుంది?" అంది మేడమ్. "ఇంటి దగ్గరే ఉందమ్మా" అంది ఆవిడ. మేడమ్ ఆరో గడిలో 'ఇంటి దగ్గర' అని రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ పేరు వచ్చింది అందుకే, అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఆ రెండు మాటలు ఎన్ని వందల ఫారాల్లో రాసిందో, ఒక్కటీ తిరిగి రాలేదు. రసీదిస్తూ "ఓసారి చూసుకోండి" అంటే, "మీరు రాసింది నేను చూసేదేంటమ్మా" అని మడిచి సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది అద్దాలాయన భార్య.

ఆ తర్వాత కొత్త అధికారి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. ఆయన రాకముందే ఎవరో 'మూలన పెట్టాను' అని రాసిచ్చి ఏటవాలు వీధిలో వదిలేసిన కారు, బ్రేకు వదులై తనంతట తనే జారి ఒక ముసలావిడ కాలు విరగ్గొట్టింది. బీమా లేదు కాబట్టి ఆ ముసలావిడ మొహం చూసినవాడు లేడు. అందుకని కొత్తాయన పాత ఫారాలన్నీ బయటికి తీయించి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు. 'దగ్గర అనగా సమీపమున. సమీపమున అనగా ఇంటి వెలుపల' అని ఎర్ర సిరాతో రాసి, పదిహేను రోజుల్లో సరిచేయమని నోటీసు పంపాడు.

అద్దాలాయన భార్య కూడబలుక్కుని చదవగలదు గానీ ఆఫీసు భాష ఆవిడకు కొరుకుడు పడదు. నోటీసు పట్టుకుని తిన్నగా మూడో కిటికీకే వచ్చింది. మేడమ్ చదివింది. దానికి జతచేసిన ఫారం నకలులో తన అక్షరాల కింద ఎర్ర గీత. పదిహేడేళ్ళలో మొదటి ఎర్ర గీత! సరిచెయ్యాలంటే కొత్తాయన గదిలోకి వెళ్ళి, ఇది రాసింది నేనేనండీ అని చెప్పాలి. రెండు నిమిషాల పని. "నేను చూసుకుంటాలెండి" అని సొరుగులో పడేసింది. రేపు చెబుదామనుకుంది. తర్వాత ఎల్లుండి అనుకుంది. తర్వాత వచ్చేవారం. వాయిదా వేస్తే సిగ్గు తగ్గుతుందనుకుందో ఏమిటో, పిచ్చి మొహం!

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు అరుగు మీద బఠాణీలు వలుస్తోంది.

"ఏంటమ్మాయ్, మొహం అలా వేలాడేసుకొచ్చావ్? కొత్త ఆఫీసరు తిట్టాడా?"

"ఆయనకు తిట్టడం రాదత్తయ్యా. ఎర్ర సిరాతో రాస్తాడంతే."

"దానికంటే తిట్టడమే నయం" అంది అత్తగారు.

మేడమ్ మొగుడు నడిమింట్లో కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు స్టూలు మీద బారజాపుకుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. "ఎక్కడేంట్రా, ఇంటి దగ్గరే ఉన్నా. వచ్చెయ్" అన్నాడు.

మేడమ్ విడిచిన చెప్పు విడిచినట్టే వదిలేసి లోపలికొచ్చింది. "మీరు ఇంటి దగ్గర ఉన్నారా, ఇంట్లో ఉన్నారా?"

ఆయన తన కాళ్ళ వంక చూసుకున్నాడు. కుర్చీ వంక చూసుకున్నాడు. "ఇంట్లోనేగా ఉన్నాను. కనపడట్లేదా?"

"మరి ఇంటి దగ్గర అన్నారు?"

"అమ్మా, ఇదేదో గొడవకొచ్చినట్టుంది."

"కాసేపు వదిలెయ్‌రా దాన్ని. ఆఫీసు ఇంకా బుర్రలోంచి దిగలేదు" అంది అత్తగారు అరుగు మీంచి.

మేడమ్‌కు గుండె మీంచి బరువు దిగినట్టయింది. అందరూ అనే మాటే తను రాసింది. మాటలో తప్పులేదు. ఆ హాయి మొహం కడుక్కునేదాకా ఉంది. తువ్వాలుతో తుడుచుకుంటూ అద్దంలోకి చూసేసరికి, మాటలో తప్పు లేకపోతే మరి నోటీసెందుకు దాచావమ్మా అని ఎవరో అడిగినట్టయింది. తువ్వాలు దండెం మీద పడేసి బఠాణీలు వలవడానికి వెళ్ళి కూర్చుంది. తొక్కలు గిన్నెలోనూ గింజలు చెత్తలోనూ వేస్తుంటే అత్తగారు గిన్నె లాక్కుంది.

బుధవారం ఆఫీసయ్యాక అద్దాలాయన ఇంటికి వెళ్ళింది. నోటీసు సంగతి చెప్పేద్దామనే వెళ్ళింది. తీరా గుమ్మంలో నిలబడ్డాక "స్థలం చూసి రమ్మన్నారండీ" అంది. ఎవరూ రమ్మనలేదు.

"మేడమే స్వయంగా వచ్చారు!" అని అద్దాలాయన భార్య కుర్చీ తుడిచి వేసింది. ఆ తర్వాత ఇంటి వెనక షెడ్డు చూపించింది. రేకుల కప్పు, మూడు వైపులా గోడలు, నాలుగోవైపు నిలువెత్తు తలుపు. నేల మధ్యలో నల్లటి నూనె మరక. మరకకు అటూ ఇటూ రెండు చెక్క దిమ్మలు. చక్రాలు దొర్లకుండా పెట్టుకున్నవి, ఇప్పుడు ఆపడానికేమీ లేక అక్కడే ఉన్నాయి.

ముందు గదిలో అద్దాలాయన బల్ల మీద పాత కంబళి పరిచి పని చేసుకుంటున్నాడు. కుడికంటికి కట్టు. ఎడమకన్ను మొదట్నుంచీ అంతంతమాత్రమే. వేళ్ళతో తడిమి కొలత చూసుకుని, చెక్కబద్ద ఆనించి, కోసే చక్రాన్ని ఒక్క ఊపున కిందికి లాగాడు. సన్నగా చప్పుడైంది. అద్దాన్ని బల్ల అంచుకు జరిపి, గీత కింద పిడితో చిన్నగా తట్టి, రెండు చేతులతో వంచాడు. టిక్కుమని రెండయింది.

"చూడకుండా ఎలా కోస్తారండీ?" అంది మేడమ్. అడగాల్సింది అది కాదు.

"చెవులున్నాయిగా మేడమ్. గీత సరిగ్గా పడితే గుడ్డ చించినట్టు చప్పుడొస్తుంది. పడకపోతే ఇసకలో ఈడ్చినట్టుంటుంది."

"అప్పుడు మళ్ళీ గీస్తారా?"

"అమ్మో! గీత మీద గీత గియ్యకూడదు. గీశామా, ఎటు పగుల్తుందో చెప్పలేం. తప్పు పడితే ఆ ముక్క పక్కన పెట్టెయ్యడమే." కోసిన ముక్క అంచును బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. "ఇవన్నీ ఫోటోలకు వేసే అద్దాలు. కాలక్షేపం. అసలు పని కిటికీలు. పెద్ద అద్దాన్ని పడుకోబెడితే పగిలిపోతుంది, నిలబెట్టి తీసుకెళ్ళాలి. నా బండికి పక్కన ఏటవాలు చట్రం బిగించుకున్నాను, ఎనిమిదేళ్ళ కిందట. అది నొక్కేస్తే ఇంకో బండి మీద అలాంటిది కట్టుకునే ఓపిక నాకు లేదు మేడమ్. కట్టు విప్పాక కళ్ళొస్తాయి సరే, చూసుకోడానికి పనుండాలిగా."

ఆయన లోపలికి ఇంకో అద్దం పలక కోసం వెళ్ళగానే ఆయన భార్య టీ కప్పు అందిస్తూ గొంతు తగ్గించింది. "ఆ నోటీసు... మీకిచ్చాను కదమ్మా. ఏదో పనిలో పడి మర్చిపోయుంటారు."

మేడమ్ చెప్పాల్సిన అబద్ధాన్ని కూడా పాపం ఆవిడే వెతికి పెట్టింది. మేడమ్ టీ ఒక్క గుక్కలో తాగేసింది. నాలుక చుర్రుమంది.

"అవునండీ. పని ఎక్కువగా ఉంటోంది" అని లేచింది.

సందు మలుపు తిరిగాక ఎవరూ లేరని చూసుకుని, "థూ, నీ బతుకు" అని పైకే అనుకుంది.

గురువారం పొద్దున ధైర్యం చేసి కొత్తాయన గది తలుపు తట్టింది. ఆయనే ముందు మాట్లాడాడు. "రండి మేడమ్, మిమ్మల్నే పిలుద్దామనుకుంటున్నాను. రేపటి విచారణ మీరు రాయాలి. మీ అక్షరాలు చక్కగా ఉంటాయట కదా." మేడమ్ "అలాగేనండీ" అని బయటికొచ్చేసింది. పొగడ్త వింటే పారిపోవాలనిపించడం ఆవిడకు అదే మొదటిసారి.

శుక్రవారం అద్దాలాయన, భార్య భుజం పట్టుకుని, విచారణ గదిలోకి వచ్చాడు. కూర్చోగానే అధికారి బల్ల మీద పరిచిన అద్దం అంచు తడిమి, "ఇది అరగదియ్యలేదు సార్. చెయ్యి కోసుకుంటుంది, జాగ్రత్త" అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు తన వేలికున్న కట్టు చూసుకున్నాడు.

విచారణలో అన్న ప్రతి మాటా రాయాలి. అది రూలు. మేడమ్ రాస్తోంది.

అధికారి ఫారం అందుకుని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు, జేబులు తడుముకున్నాడు. "కళ్ళజోడు ఇంటి దగ్గర మర్చిపోయాను. మేడమ్, ఆరో గడి చదవండి."

అలవాటు పడిన చెయ్యి, అదీ రాసేసింది.

"ఇంటి దగ్గర" అని చదివింది మేడమ్.

"బండి ఎక్కడుందని చెప్పారమ్మా మీరు?"

"ఇంటి దగ్గరుందనే చెప్పానండి" అంది అద్దాలాయన భార్య.

"చూశారా. మీరే ఒప్పుకుంటున్నారు. ఇంట్లో కాదు, ఇంటి దగ్గర. అంటే వీధిలో."

"వీధిలో ఎందుకుంటుంది సార్?" అన్నాడు అద్దాలాయన. "షెడ్డులోంచేగా మీవాళ్ళు లాక్కెళ్ళారు. ఈ మూడు నెలల్లో అది రోడ్డెక్కింది మీవాళ్ళు ఎక్కించినప్పుడే."

అటెండరుకు దగ్గొచ్చింది.

"సోమవారం పట్టుకున్నప్పుడు ఎక్కడుందన్నది కాదు ప్రశ్న. రాసిచ్చిన రోజు ఎక్కడుంది? నాకు కాగితమే సాక్ష్యం. మాటకు ఏ అర్థం ఉందో ఆ అర్థమే తీసుకోవాలి. ఇంతవరకూ రాసింది చదవండి మేడమ్. సరిగ్గా ఉంటే సంతకాలు పెట్టిద్దాం."

మేడమ్ మొదట్నుంచీ చదివింది. తేదీ చదివింది, హాజరైనవాళ్ళను చదివింది. అద్దం అంచు సంగతి చదివింది. ఆ తర్వాత అదే గొంతుతో, "అధికారి: కళ్ళజోడు ఇంటి దగ్గర మర్చిపోయాను" అని చదివి ఆగింది.

"అయ్యో, వీధిలోనా సార్?" అన్నాడు అద్దాలాయన. "ఈపాటికి ఎవరో తొక్కేసుంటారు."

"లేదు, లోపలే, బల్ల మీద..." అని అధికారి ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. అటెండరు గబగబా బయటికెళ్ళి తలుపు వేశాడు. వసారాలోంచి నవ్వు వినపడనే వినపడింది.

"ఆ వాక్యం అవసరమా మేడమ్?"

"అన్న ప్రతి మాటా రాయాలండి. కొట్టెయ్యమంటే కొట్టేస్తాను. పక్కన మీరు సంతకం పెట్టాలి."

ఆయన ముక్కు మీద లేని కళ్ళజోడును సర్దుకోబోయాడు. తర్వాత ఆయనకూ చిన్న నవ్వొచ్చింది. "అక్కర్లేదు, ఉండనివ్వండి. ఆ మాట మీద నా అభ్యంతరం వదులుకుంటున్నానని రాయండి."

రాసింది. ఒళ్ళు తేలికైపోయింది. తన రాతకు పడిన ఎర్ర గీత చెరిగిపోయింది, ఎవరినీ ఏమీ అడుక్కోకుండానే. అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది!

"అయినా ఒక సంగతుంది" అన్నాడు అధికారి. "పదిహేను రోజులు గడువిచ్చాను. షెడ్డులో ఉందని ఒక్క ముక్క రాసిస్తే ఇంత దూరం వచ్చేది కాదు. నోటీసు అందినట్టు సంతకం ఉంది. జవాబెందుకివ్వలేదు? సరైన కారణం ఉంటే ఇప్పుడే విడుదల రాస్తాను. లేకపోతే నా చేతుల్లో లేదు, బండి తుక్కుకు పోవాల్సిందే."

అద్దాలాయన భార్య నేల చూపులు చూసింది. ఒక్కసారి, కనురెప్ప పాటు, మేడమ్ వైపు చూసింది.

"పోయిందండి. నోటీసు నేనే ఎక్కడో పారేసుకున్నాను."

"అదేంటే? నువ్వది తీసుకెళ్ళి..." అనబోయిన మొగుడి చేతిని బల్ల కింద గట్టిగా నొక్కింది.

మేడమ్ చూసింది ఆ నొక్కడం. ముందు జాలి అనుకుంది. ఆవిడ మొహం చూస్తే జాలి కాదు. భయం. రేపు ఏ కాగితం కావాలన్నా మళ్ళీ ఆ మూడో కిటికీ ముందే నిలబడాలి. బండి పోతే పోనీ, కిటికీతో మాత్రం పేచీ వద్దు. తనను చూసి మనుషులు అంత భయపడతారని పదిహేడేళ్ళలో మేడమ్‌కు ఒక్కనాడూ తట్టలేదు. వాళ్ళ నవ్వు మొహాలూ, తుడిచి వేసిన కుర్చీ, మంచి కప్పులో టీ, అన్నీ గౌరవం అనుకుంది.

కలం 'నోటీసు నేనే' దాకా వెళ్ళి ఆగిపోయింది.

"రాశారా మేడమ్?"

"లేదండి. అది నిజం కాదు."

లేచి బయటికి నడిచింది. హాల్లో వరసలో నిలబడ్డవాళ్ళంతా చూస్తుండగా మూడో కిటికీ వెనక్కి వెళ్ళి, సొరుగు తాళం తీసి, ముద్రల డబ్బా ఎత్తి, నోటీసు తీసుకొచ్చి అధికారి ముందు పెట్టింది.

"ఫారం రాసింది నేనండి. నోటీసు అందిన మర్నాడే ఈవిడ తెచ్చి నాకిచ్చింది. చూసుకుంటానన్నాను. చూసుకోలేదు, దాచేశాను."

"ఎందుకు?"

"నా రాత కింద ఎర్ర గీత ఉందండి. మీ ముందుకు రావడానికి సిగ్గేసింది." గొంతు తడబడింది. ఇంక దాన్ని ఎవరు పట్టించుకుంటారు. "మొన్న వీళ్ళింటికి వెళ్ళి కూడా చెప్పలేదు. టీ తాగొచ్చాను."

అద్దాలాయన కట్టులేని కన్ను ఆవిడ గొంతు వచ్చినవైపు తిప్పాడు.

"ఇదీ రాయాలి" అన్నాడు అధికారి మెల్లగా.

"రాస్తానండి."

కూర్చుని కాగితం దగ్గరికి లాక్కుంది. 'అద్దాలాయన భార్య' తరఫున మొదలుపెట్టిన వాక్యం సగంలో ఉంది. ఆ పేరు కొట్టేసి, పైన 'మూడో కిటికీ గుమాస్తా' అని రాసి, దిద్దుబాటు పక్కన అధికారి చేత సంతకం పెట్టించింది. తర్వాతి మాటలు దిద్దాల్సిన పని లేకపోయింది. 'నోటీసు నేనే' అని ఉన్న చోట నుంచే సాగించి, 'దాచాను' అని రాసింది. అక్షరాలు గీత దాటి పైకి పోయాయి. ముత్యాలని ఎవరూ అనరు వాటిని.

బండి శనివారం షెడ్డుకు చేరింది. మేడమ్‌కు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది, జవాబు రాసింది, సంతకం పెట్టింది. ఇంకేం చేస్తారో నెల తిరిగాక తెలుస్తుంది. వార్త ఇంట్లోనూ చెప్పింది. అత్తగారు కంచం ముందుకు జరిపి, "చెప్పావుగా, అన్నం తిను" అంది.

సోమవారం అద్దాలాయన భార్య వచ్చింది. ఇంకో నెల బండి కదలదు, ఫారం కొత్తగా ఇవ్వాలి. ఆవిడ వంతు రాగానే మేడమ్ చెయ్యి కలం మీదికి పోయింది.

"ఇలా ఇవ్వండి, రాసేస్తాను. ఈసారి షెడ్డులో అని వివరంగా రాస్తాను."

"వద్దమ్మా. ఫారం ఇవ్వండి చాలు. నేనే రాసుకుంటా."

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. ఫారం తీసుకుని గోడవారనున్న బెంచీ మీద కూర్చుంది. పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతూ రాసింది. అరగంట పట్టింది. మేడమ్ మధ్యలో పదిమందిని పంపించింది, పదకొండుసార్లు బెంచీ వైపు చూసింది.

తిరిగొచ్చిన ఫారంలో ఆరో గడి సరిపోక అక్షరాలు పక్క గడిలోకి దొర్లాయి. 'మా ఇంట్లోనే. వెనక రేకుల షెడ్డు. మూడు గోడలు ఒక తలుపు. చక్రాలకి చెక్కలు పెట్టాం.' వంకర టింకర రాత. ఏ అధికారి వచ్చి ఎన్ని కళ్ళజోళ్ళు పెట్టుకుని చూసినా తప్పు పట్టడానికి లేదు.

మేడమ్ ముద్ర వేసి రసీదు చింపి ఇచ్చింది. "ఓసారి చూసుకోండి" అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. అద్దాలాయన భార్య రసీదును మడవకుండా కిటికీ చెక్క మీద పరిచి, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.

"ఎంతసేపమ్మా!" అన్నారు వెనకనుంచి.

"చూసుకోనివ్వండి" అంది మేడమ్.

వేలు వెళ్ళి ఆఫీసు ముద్ర దగ్గర ఆగింది. "ఇక్కడ తేదీ పడలేదమ్మా."

నిజమే. పడలేదు. మేడమ్ రసీదు వెనక్కి తీసుకుని, ముద్రను సిరాలో అద్ది, మళ్ళీ గట్టిగా నొక్కి ఇచ్చింది.

"ఇప్పుడు సరిపోయిందా?"

ఆవిడ రసీదును మళ్ళీ చెక్క మీద పరిచింది. వేలు మళ్ళీ మొదటి అక్షరం కింద పెట్టింది.